నజ్రాన్‌లో తోలు ఊయల

మలాజ్‌లో కూర్చోలేక

నజ్రాన్ చూడాలన్న కోరికతో నేను నజ్రాన్ వెళ్లలేదు. ఇంట్లో కూర్చోలేక వెళ్లాను.

రియాద్‌లో మలాజ్ పేటలో చాలా ఏళ్లు కాపురం చేశాం. మా ఆయన రవీందర్ కరెంటు పనులు చేసే ఒక కంపెనీలో సూపర్‌వైజరు. నేను ఇండియన్ స్కూల్లో మూడో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. వెంట ఉన్న భార్యాపిల్లలకు తలకింత అని ఫీజు పెట్టి, దాన్ని ఏడాదికేడాది పెంచుతూ పోయేసరికి నా తరగతిలో బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. నిన్న వచ్చిన పిల్ల ఇవాళ రాదు. అడిగితే పక్కపిల్ల "ఎగ్జిట్, టీచర్" అనేది. అంటే మళ్లీ రాకుండా దేశం వదిలిపోయే వీసా. చివరికి మా వంతూ వచ్చింది. మా అమ్మాయిని ముందే జగిత్యాలలో మా చెల్లెలి దగ్గరకు పంపేశాం. నాకూ ఎగ్జిట్ పడింది. విమానానికి ఇంకా కొన్ని వారాలున్నాయి.

రవీందర్ ఉండిపోవాలి. అదీ ఖాయం కాదు. ఏ కంపెనీలో ఎంతమంది సౌదీలు ఉండాలో చెప్పే నితాఖాత్ లెక్కలో ఆయన కంపెనీ ఎరుపులో పడింది. ఎరుపులో పడితే ఇఖామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యువల్ కావు. ఆయన రోజూ సాయంత్రం వచ్చి ఫోన్లో అదే చూసుకునేవాడు. నేను అట్టపెట్టెకు టేపు వేసి, ఏదో మరిచానని మళ్లీ కోసేదాన్ని.

అలాంటి సాయంత్రమే నజ్రాన్ మాట వచ్చింది. అక్కడ పాత చేతిపనులు చేసే ముసలివాళ్లకు సన్మానం చేస్తారట. గుడారాలకు లైట్లు పెట్టే పని ఆయన కంపెనీకొచ్చింది.

"నాలుగు దినాలైతది. ఒక్కదానివి ఉంటవా?" అన్నాడు.

"నేను గూడ వస్త."

"గంత దూరం, ఆడేముందని?"

"ఈడేముందని?"

ఆయన గోడ పొడవునా పేర్చిన పెట్టెల వైపు చూశాడు. పొద్దున్నే మా పాత కారులో బయల్దేరాం.

లైలా దాటాక

ఖర్జ్ దాటేవరకు ఊళ్లు, తోటలు, పాలడైరీల బోర్డులు. ఆ తర్వాత ఇసుకే. లైలా అనే ఊళ్లో ఒకప్పుడు చెరువులుండేవట. అవి ఎండిపోయాయి. ఇప్పుడు అక్కడ లోతైన తెల్లటి గుంతలున్నాయి. గట్టు మీద దిగాం. గాలి తప్ప ఏమీ లేదు. "పోదాం పా" అన్నాను. ఎక్కడ ఆగినా నిమిషానికే నాకు ఆ మాట వచ్చేది. కదులుతుంటే ఎప్పుడు ఆగుతామా అని, ఆగితే ఎప్పుడు కదులుతామా అని.

పెట్రోలు ధర ఆ మధ్యే పెరిగింది. నీళ్లకంటే చవక అని మనవాళ్లు చెప్పే రోజులు పోయాయి. టీ మాత్రం ఇంకా ఒక రియాలే. సులయ్యిల్‌కు ఇవతల వెనక టైరు పోయింది. స్టెప్నీ వేసుకుని, మెల్లగా ఊరు చేరి పంక్చరు కొట్టు వెతికితే, టైర్లు, ట్యూబుల మధ్య నుంచి లేచినవాడు మనవాడే. గంగారాం. నిర్మల్ దగ్గర పల్లె.

"యేడికి వోతున్రు సార్?" అన్నాడు రవీందర్ మాట వినగానే.

"నజ్రాన్."

"అవ్వ! గా లడాయి అయ్యే తానికా? మేడమ్‌ను గూడ తీస్కపోతున్రా?"

సరిహద్దుకు అటు యెమెన్. అప్పుడు యుద్ధం నడుస్తోంది. నాకూ లోపల బెరుకుగానే ఉంది కాని, గంగారాం ముఖం చూస్తే నవ్వొచ్చింది. అతను టైరును నీళ్లతొట్టిలో ముంచి బుడగలు వెతుకుతూ తన గోడు చెప్పాడు. వీసా ఇచ్చి తెచ్చుకున్న కఫీల్ కంపెనీ మూతపడింది. ఇఖామా గడువు దాటింది. ఊరు దాటి బయటికి పోతే పట్టుకుంటారని కొట్టు విడిచి ఎక్కడికీ పోడు. ఇంటికి పోదామంటే ఎగ్జిట్ కొట్టేవాడు లేడు.

"మీకు ఎగ్జిట్ వడ్డదా మేడమ్? నసీబున్నోళ్లు" అన్నాడు.

ఇన్నాళ్లూ నేను ఏడుస్తూ కూర్చున్న కాగితాన్ని అతను అదృష్టమన్నాడు. మా సద్దిలోని పులిహోర, మామిడితొక్కు అతనికి సగం ఇచ్చాను. తొక్కు డబ్బా మూత తీసి ముందు వాసన చూశాడు. తర్వాత మూతపెట్టి లోపల దాచుకున్నాడు. మా ముందు తినలేదు.

మట్టిమేడల ఊరు

వాది దవాసిర్‌లో ఆగి, మర్నాడు మధ్యాహ్నానికి నజ్రాన్ చేరాం. రియాద్ నుంచి వచ్చిన కళ్లకు ఆ పచ్చదనం నమ్మబుద్ధి కాదు. రెండు వైపులా నల్లటి కొండలు, మధ్యన ఖర్జూరపు తోటలు, జొన్నచేల లాంటి చేలు. వాటి మధ్య మట్టితో కట్టిన ఎత్తయిన ఇళ్లు. మట్టిని వరుస మీద వరుసగా మెత్తి, ఒక వరుస ఆరాక ఇంకొకటి వేస్తారు. కిటికీల చుట్టూ, మిద్దె అంచున తెల్లసున్నం. మన దగ్గర మట్టిగోడలు ఒక అంతస్తు దాటవు. ఇక్కడ నాలుగైదు అంతస్తులు లేచాయి. చాలావాటికి తాళాలున్నాయి. జనం పక్కనే సిమెంటు ఇళ్లు కట్టుకున్నారు.

పాత బజారులో ఆడవాళ్లు కూర్చుని అమ్మే వరుస ఒకటుంది. నల్లటి ముసుగుల్లో ముసలమ్మలు. ముందు ఈతాకు బుట్టలు, రాతిని తొలిచిన వంటగిన్నెలు, నెయ్యి, తేనె. బుట్ట ధర అడిగితే ఒకామె వేళ్లు చూపింది. నేను రెండు వేళ్లు తగ్గించాను. ఆమె నా చేతిని చిన్నగా కొట్టి, నవ్వి, బుట్ట నా ఒళ్లో పెట్టింది. తగ్గించిందో లేదో నాకు చివరిదాకా అర్థం కాలేదు.

దక్షిణం నుంచి ఎక్కడో దడ్ మని చప్పుడైంది. నేను అదిరిపడ్డాను. బజారులో ఎవరూ తల ఎత్తలేదు. బుట్టల ఆమె చిల్లర లెక్కపెడుతూనే ఉంది.

ఆడవాళ్ల గుడారం

మర్నాడు సన్మానం. మగవాళ్ల గుడారం వేరు, ఆడవాళ్లది వేరు. రవీందర్ వైర్లు లాగే పనిలో ఉంటే నేను అబాయా సర్దుకుని ఆడవాళ్ల వైపు వెళ్లాను. లోపల అత్తరు, గావా కాఫీ వాసన. కార్పెట్ మీద వరుసగా పనిముట్లు పెట్టుకుని ముసలమ్మలు. ఒకామె ఉన్ని వడుకుతోంది, ఒకామె బుట్ట అల్లుతోంది. చివరన ఒక మూల మేకతోలు పరుచుకుని ఇద్దరు కూర్చున్నారు.

"ఓయమ్మా, మళ్లా తెగె దారం!"

ఆ మాట విని నేను నిలబడిపోయాను. అన్నది ఇద్దరిలో పెద్దామె కాదు, రెండో ఆమె. నల్లటి అబాయా కింద నుంచి ఎర్రటి చీర అంచు కనిపిస్తోంది.

"తెలుగోళ్లా?" అన్నాను.

ఆమె చప్పున తలెత్తింది. "యా ఊరుమ్మా మీది?"

"జగిత్యాల. కరీంనగర్ దిక్కు."

"మాది కడప జిల్లా, పులివెందుల కాడ. పేరు ఓబులమ్మ. ఫోన్లో తప్ప మనిషి నోట్లోంచి తెలుగు విని ఎన్నాళ్లాయనో!" అని నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. పక్కనున్న పెద్దామెకు అరబ్బీలో గబగబా చెప్పింది. నేను అన్నేళ్లుండీ నేర్వని అరబ్బీ అది.

పెద్దామె పేరు ఉమ్ సాలిం. సాలిం తల్లి అని. అక్కడ అలాగే పిలుస్తారు. ఆమె కళ్ల మీద తెల్లటి పొర. నా ముఖం వైపు కాకుండా నా గొంతు వైపు చూసింది.

వాళ్ల ముందున్నది పసిపిల్లను పెట్టి భుజానికి తగిలించుకునే తోలు ఊయల. మీజబ్ అంటారు. మన దగ్గర పొలంలో చెట్టుకు కట్టే జోలె లాంటిదే, కాకపోతే ఇది తల్లితో నడుస్తుంది. అంచుల్లో తోలుపోగుల కుచ్చులు, కుచ్చులకు గవ్వలు. ఒకప్పుడు ఆ లోయలో పుట్టిన ప్రతి బిడ్డా ఇందులోనే పెరిగింది. ఇప్పుడు కుట్టడం తెలిసినవాళ్లు ఒకరిద్దరే మిగిలారు. అందుకే సన్మానం.

"ఈమెకు చూపు పోయి చాన్నాళ్లయిందిమ్మా" అంది ఓబులమ్మ గొంతు తగ్గించి. "వేళ్లతో తడిమి చెప్తాది, నేను కుడతా. ఇప్పుడు అందరి ముందరా కుట్టి చూపీమన్నారు. నేను ఆరెతో బెజ్జం పెట్టి దారం దూర్చిస్తా, ఆమె లాగుతాది. దూరం నుంచి ఎవురికీ తెలీదు."

"నీకు ఈ పని ఎట్ల వచ్చింది?"

"మా నాయన కిర్రుచెప్పులు కుట్టేవాడుమ్మా. తంగేడు చెక్క యేసి తోలు పదును చేసేవాడు. ఈడ తుమ్మకాయలు యేస్తారు. ఈమె ఇంట్లో పనికి కాలు పెట్టిన మొదటిరోజే ఆ వాసనొచ్చె. యాడికో పరాయి దేశానికి వచ్చినానని బయంతో సస్తాంటే, మా ఇంటి వెనకాల తొట్టి కాడ నిలబన్నట్టు అయిపాయ." తోలు మీద చెయ్యి రాసింది. "మా నాయన్ను అరుగు ఎక్కనిచ్చినోళ్లు లేరమ్మా. చెప్పులు కుట్టి తీస్కపోతే దూరంగా పెట్టి పొమ్మనేవాళ్లు. ఈడ చూడు, అదే తోలు కుట్టినందుకు స్టేజీ యేసినారు."

మా ఊళ్లోనూ అంతే. చెప్పులు తెచ్చినాయన మా గడప అవతల ఎండలో నిలబడేవాడు. గవ్వల కుచ్చును నిమురుతూ కూర్చున్నాను.

ఓబులమ్మే మాట మార్చింది. ఊళ్లో రెండుగదుల మిద్దె కట్టించిందట. ఒక్కపూట కూడా అందులో పడుకోలేదు. సున్నం కొట్టింది, తలుపు ఎక్కించింది అన్నీ ఫోన్లోనే చూసింది. "సాలిం మంచోడేమ్మా. తిట్టడు, జీతం ఆపడు. ఎగ్జిట్ మాటెత్తితే మటుకు రంజాన్ కానీ అంటాడు, హజ్ కానీ అంటాడు. ఇప్పుడు సన్మానం కానీ అన్నాడు. ఈసారి నేనిడ్సను. ఇది అయినాక పోతాండా."

ఒక్క మాట

ఓబులమ్మ నీళ్లు తేవడానికి లేచింది. ఉమ్ సాలిం నా చెయ్యి వెతికి పట్టుకుంది. నీకు పిల్లలెందరు, ఎక్కడున్నారు అని అడిగింది. వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. నేనూ వెళ్లిపోతున్నానని, ఖురూజ్ నిహాయీ అని, అంటే మళ్లీ రాకుండా వెళ్లడమని. ఆమె నాలుకతో చప్పరించి, దేవుడు మేలు చేయాలంది.

మాట కలపడానికి అన్నాను: "ఓబులమ్మ కూడా అంతే కదా. ఇది అయ్యాక, ఖురూజ్."

ఆ సంగతి ఆమెకు తెలియదని నాకు తెలియదు. కొడుకు చెప్పలేదు. ఓబులమ్మా చెప్పలేదు.

నా చేతిలో ఆమె చెయ్యి అలాగే ఉండిపోయింది. కాసేపటికి వెనక్కి తీసుకుంది. ఓబులమ్మ నీళ్లసీసాతో వచ్చి కూర్చోగానే, ముసలామె ఆమె ముఖం తడిమి, గడ్డం పట్టుకుని ఒక్క మాట అడిగింది. "సహీ?" నిజమేనా అని.

ఓబులమ్మ నా వైపు చూసింది. నా ముఖం చూసి ఆమెకు అర్థమైపోయింది. "ఎంత పని జేస్తివమ్మా" అంది. కోపంగా అనలేదు. తర్వాత ముసలామె వైపు తిరిగి, అవునని చెప్పింది.

అప్పుడే మైకు పట్టుకున్న అమ్మాయి వచ్చి అతిథులొచ్చారంది. ఫోన్లు పట్టుకుని ఆడవాళ్లు చుట్టూ మూగారు. ఓబులమ్మ ఆరె అందుకోబోయింది. ఉమ్ సాలిం ఆమె చేతి మీద కొట్టి ఆరె లాక్కుంది. మోచేత్తో పక్కకు నెట్టింది. తోలు మొత్తం తన ఒళ్లోకి గుంజుకుంది.

ఒక్కతే కుట్టింది. ఎడమచేతి బొటనవేలితో అంచు కొలుచుకుని, ఆరె గుచ్చి, తోలుదారం కొనను నోట్లో తడిపి, బెజ్జం కోసం వెతికింది. మొదటిసారి దొరకలేదు. రెండోసారి ఆరె వేలిలో దిగింది. ఓబులమ్మ "యా అమ్మీ!" అని ముందుకు వంగితే మళ్లీ నెట్టింది. రక్తపు చుక్కను అబాయాకు తుడుచుకుంది. గుడారంలో గావా గిన్నెల చప్పుడు కూడా ఆగింది. దారం దూరింది. లాగింది. ఇంకో కుట్టు. ఇంకోటి. కుట్లు వంకరగా, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, నడక నేర్చే పిల్ల అడుగుల్లా పడ్డాయి. అంచు చివరి వరకు కుట్టి ముడివేసి, పళ్లతో దారం కొరికి, తోలును ఎత్తి చూపింది.

ఆడవాళ్లంతా నాలుక ఆడిస్తూ ఊళ పెట్టారు. అక్కడ సంతోషానికి అలా చేస్తారు. మైకమ్మాయి కళ్లు తుడుచుకుంటూ ఏదో చెప్పింది. జ్ఞాపిక ఇచ్చారు, ఫోటోలు తీశారు. ఉమ్ సాలిం ఎవరి పేరూ ఎత్తలేదు. ఓబులమ్మ గుడారపు గుంజకు ఆనుకుని నిలబడి, కొంగుతో నోరు మూసుకుని ఏడుస్తోంది.

"ఒక్క మాట నా పేరు ఎత్తల్యా చూడమ్మా" అంది తర్వాత. "ఇన్నేళ్లు నా చేత్తో కుట్టినా. నాకు స్టేజీ ఏం వద్దు. ఆమె నోట్లో నా పేరు రాల్యా, అంతే."

గుడారం గుమ్మం దగ్గర సాలిం కారు తెచ్చి నిలబెట్టాడు. నడివయసు మనిషి, మెత్తగా కనిపించాడు. తల్లి చెయ్యి పట్టుకోబోతే ఆమె విదిలించుకుని గట్టిగా మాట్లాడింది. నాకు అర్థమైనవి రెండే మాటలు: ఖురూజ్, ఈ వారమే. అతను ఏదో నచ్చచెప్పబోయాడు. ఆమె జ్ఞాపికను అతని ఛాతీకి ఆనించి కారెక్కింది. ఓబులమ్మ వెనక సీట్లో కూర్చుంది. వెళ్లేముందు అద్దం దించి, "రేపు ఇంటికి రాండమ్మా, సంగటి తిని పోదురు" అంది.

సంగటి

నేను వెళ్లడానికి జంకాను. "నువ్వే గదా మాట జారింది, నువ్వే పోవాలె" అన్నాడు రవీందర్. పొద్దున్నే ఇద్దరం వెళ్లాం. ఆయన్ను సాలిం మగవాళ్ల గదిలోకి తీసుకెళ్లాడు. నేను లోపలికి.

ఓబులమ్మ సంగటి అన్నది అక్కడి అసీదను. గోధుమపిండిని గిలకొట్టి ముద్దగా చేసి, నడుమ గుంట చేసి నెయ్యీ మాంసపు పులుసూ పోస్తారు. ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని అంచు నుంచి తుంచుకుని తినాలి. "రాగులైతే మా సంగటే" అంది ఓబులమ్మ. "మొదట్లో నన్ను చూసి నవ్వినారు, ఇంత బాగా ఎట్ల తింటాందని." ఉమ్ సాలిం ముందు రోజు నుంచి ఏమీ తినలేదట. పళ్లెం దగ్గర కూర్చుంది కాని చెయ్యి పెట్టలేదు.

నేను క్షమించమని అడుగుదామని మాటలు కూడబెట్టుకుంటుండగా ఆమె కోడలిని పిలిచింది. నూరా. చదువుకున్న పిల్ల, గోళ్లకు రంగు, చేతిలో ఫోను. ఉమ్ సాలిం తోలు, ఆరె ఆమె ఒళ్లో వేసింది.

"ఇప్పుడా? నాకా?" అని నూరా నవ్వింది. అత్త నవ్వలేదు. మెల్లగా చెప్పిన మాటల్ని ఓబులమ్మ నాకు తెలుగులో చెప్పింది.

"నేను నేర్పల్యాను, నా చెయ్యి మరిచిపోయింది, నిన్న చూసినారు కదా ఎట్ల కుట్టినానో, అంటాందమ్మా. ఈ పని ఇప్పుడు ఉబూలా చేతిలోనే ఉండాదంట. పోయేలోపల ఈ పిల్లకిచ్చి పోవాలంట."

ఉబూలా. ఓబులమ్మను ఆమె పిలిచే పేరు అదే.

ఓబులమ్మ కళ్లు తుడుచుకుని, పళ్లెంలోంచి ముద్ద తుంచి, నేతిలో ముంచి ముసలామె నోటి దగ్గర పెట్టింది. ఆమె ముఖం తిప్పుకుంది. ఓబులమ్మ చెయ్యి దించలేదు. కాసేపటికి ఉమ్ సాలిం నోరు తెరిచింది.

మేం బయల్దేరేసరికి నూరా తోలులో ఆరెను పైనుంచి గుచ్చుతోంది. ఓబులమ్మ "కింద నుంచి" అని ఆరెను లాక్కుంటోంది.

తిరిగొచ్చాక

తిరుగు దారిలో ఎక్కువగా ఆగలేదు. నాలో ఆ కుదురులేనితనం తగ్గలేదు, అది నాదనే ఒక చోటు కోసమని మాత్రం కొంచెం తెలిసింది. ఎరుపులో పడ్డ కంపెనీ నుంచి మారడానికి కఫీల్ ఒప్పుకోలు అక్కర్లేదని ఎవరో చెబితే రవీందర్ యాన్బులో ఇంకో కంపెనీకి మారాడు. నేను అనుకున్న రోజుకే విమానమెక్కాను. జగిత్యాలలో ఇప్పటికీ పొద్దున లేచి, ఏ ఊళ్లో ఉన్నానా అని ఒక క్షణం చూసుకుంటాను.

సాలిం తల్లి మాట నిలబెట్టాడు. ఆ వారం కాదు కాని, ఆ నెలలోనే ఓబులమ్మను పంపాడు. ఈమధ్య ఫోను చేశాను.

"కొత్త మిద్దెలో నిద్ర పడుతోందా?"

"యాడ పడుతుందమ్మా! ఏసీ చప్పుడు లేకపోతే కన్ను మూతపడల్యా. లేసి గోడలు తడిమి చూస్కుంటా, నావేనా అని." నవ్వింది. వెనక కోళ్లు అరుస్తున్నాయి. తోలుపని ఏమైనా చేస్తున్నావా అని అడిగాను. ఊళ్లో ఎవరు కొంటారంది. పెద్దామె ఎలా ఉందని అడిగాను. చెప్పబోతుండగా ఫోన్లో బీప్ మంది.

"ఉండమ్మా, నూరా చేస్తాంది. మళ్లా ఆరె పైనుంచే గుచ్చుతా ఉంటాది" అని నా ఫోను పెట్టేసింది.